ఎవరికి అందుబాటు? ప్రోటీన్ శేషాల ఉపరితల వైశాల్యం – దృశ్యీకరణ సాఫ్ట్‌వేర్‌లో కొలత

వ్యాససంగ్రహం:
ప్రోటీన్‌లోని ఒక అమైనో ఆమ్ల శేషం చుట్టూ ఉన్న నీటికి ఎంత మేర తగులుతుందో తెలిపే కొలత ద్రావణి-అందుబాటు ఉపరితల వైశాల్యం. దృశ్యీకరణ సాఫ్ట్‌వేర్లు దీనిని క్షణంలో అంకెగా చూపుతాయి. ఆ అంకె శేషానికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఏ గోళంతో తడిమారు, చుట్టూ ఏ పరమాణువులను ఉంచారు, దేనితో పోల్చారు అన్న నిర్ణయాలను బట్టి అది మారుతుంది. ఈ వ్యాసం ఆ నిర్ణయాలను వివరించి, హైదరాబాద్‌లో తయారైన కార్బెవాక్స్ టీకాకు మూలమైన ఆర్‌బీడీ ప్రోటీన్ ఆధారంగా వాటి ప్రాధాన్యాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ప్రోటీన్ నిర్మాణం, శేషం, ద్రావణి, అందుబాటు వైశాల్యం, పైమాల్, బయోసూట్, ఆర్‌బీడీ, శాస్త్ర పరిభాష.

1. పరిచయం

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటినుండి హైటెక్ సిటీ అనగానే తెలుగువారికి స్ఫురించేవి బ్యాంకుల ఖాతాలు, విమాన టికెట్లు, బీమా పత్రాల లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్లు. జీవాణువుల ఆకృతిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఈ నగరంలో తయారైందన్న సంగతికి అంత ప్రచారం లేదు. గుంటూరులో జన్మించిన శాస్త్రవేత్త మాతుకుమల్లి విద్యాసాగర్ 2000లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌లో చేరి హైదరాబాద్‌లో ఆ సంస్థ ఉన్నత సాంకేతిక కేంద్రాన్ని తీర్చిదిద్దారు. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి చేపట్టిన 'న్యూ మిలీనియం ఇండియన్ టెక్నాలజీ లీడర్‌షిప్ ఇనిషియేటివ్' కింద, దేశంలోని పలు విద్యాసంస్థల భాగస్వామ్యంతో, టీసీఎస్ రూపొందించిన 'బయోసూట్' 2004లో వెలువడింది. జన్యు, ప్రోటీన్ వరుసల విశ్లేషణ, త్రిమితీయ నిర్మాణ విశ్లేషణ, అణుగతి అనుకరణ, ఔషధ రూపకల్పన అనే నాలుగు విభాగాలలో 79 ప్రోగ్రాములు అందులో ఉన్నాయని 2007లో 'కరెంట్ సైన్స్' పత్రికలో వచ్చిన వ్యాసం తెలుపుతుంది. టీసీఎస్ జీవశాస్త్ర పరిశోధన విభాగం తరువాతి కాలంలో మాదాపూర్ సాఫ్ట్‌వేర్ యూనిట్స్ లేఅవుట్ చిరునామా నుండే పరిశోధన పత్రాలు ప్రచురించింది.

నేడు ఈ పరిసరాలలో ప్రోటీన్ నిర్మాణాలను తెరమీద తిప్పి చూసేవారి సంఖ్య తక్కువేమీ కాదు. గచ్చిబౌలిలో 1974 నాటి హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలో జీవసమాచార శాస్త్రానికి ప్రత్యేక కేంద్రమే ఉంది. వారెన్ డిలానో 2000లో విడుదల చేసిన 'పైమాల్' అనే ప్రసిద్ధ దృశ్యీకరణ సాఫ్ట్‌వేర్‌ను 2010 నుండి నిర్వహిస్తున్న ష్రోడింగర్ సంస్థకు హైదరాబాద్‌లోనూ కార్యాలయం ఉంది. ఇంతమంది చేతిలో ఉన్న పనిముట్టు గురించి తెలుగులో వివరణ మాత్రం దాదాపు శూన్యం. పనిముట్టు సులభమైనకొద్దీ వివరణ అవసరం పెరుగుతుంది. మౌస్‌తో ఒక శేషాన్ని ఎంచుకొని ఒక ఆదేశం ఇస్తే తెరమీద దశాంశాలతో సహా అంకె వస్తుంది. సిద్ధాంత గ్రంథంలోని పట్టికకు ఎక్కేది ఆ అంకె ఒక్కటే. అది ఏ ప్రశ్నకు జవాబో పట్టికలో కనిపించదు.

2. మూడు మాటల పరిభాష

ఈ కొలత పేరులోని మాటలను ముందుగా సరిచూసుకోవాలి. 'ద్రావణి' తెలుగు పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన మాట. ఒక పదార్థాన్ని తనలో కరిగించుకొనేది ద్రావణి, కరిగేది ద్రావితం, రెండూ కలిసినది ద్రావణం. ప్రోటీన్ విషయంలో ద్రావణి అంటే ఆచరణలో నీరు.

రెండవది 'శేషం'. కొందరు దీనిని 'అవశేషం' అని వ్రాస్తున్నారు. అవశేషం అనగానే శిథిలాలు, అస్థికలు స్ఫురిస్తాయి. ఇక్కడి భావం అది కాదు. రెండు అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధంతో కలిసేటప్పుడు ఒక నీటి అణువు వెళ్లిపోతుంది. ఆ నీరు పోగా గొలుసులో మిగిలిన భాగమే శేషం. భాగహారంలో మిగిలేదాన్ని శేషమనే మనకు ఈ మాట కొత్త కాదు.

మూడవ మాట 'అందుబాటు'. 'ప్రాప్య', 'అభిగమ్య' వంటి సంస్కృత సమాలు కొన్ని అనువాదాలలో కనిపిస్తాయి గాని, వాటికంటే ఈ దేశ్యపదమే విషయాన్ని బాగా పట్టుకుంటుంది. అందుబాటు అన్న వెంటనే తెలుగులో 'ఎవరికి?' అనే ప్రశ్న పుడుతుంది. పిల్లవాడికి అందని ఉట్టి పెద్దవాడికి అందుతుంది. 'శేషం యొక్క వైశాల్యం' అన్నప్పుడు వైశాల్యం శేషం సొత్తులా ధ్వనిస్తుంది. 'నీటికి అందుబాటులో ఉన్న వైశాల్యం' అన్నప్పుడు అది శేషానికీ నీటికీ నడుమ ఉన్న సంబంధమని తేలుతుంది. సంప్రదాయ వ్యాకరణం 'కు', 'యొక్క' రెంటినీ షష్ఠీ విభక్తిలోనే చేర్చింది. ఈ కొలత విషయంలో ఆ రెండు ప్రత్యయాల మధ్య ఉన్న దూరమే అసలు సంగతి. పరిశోధకుల వాడుకలో ఈ కొలతకు 'సాసా' అనే పొట్టి పేరు ఉంది. ఈ వ్యాసంలో 'అందుబాటు వైశాల్యం' అనే వాడుదాం.

3. దొర్లే బంతి

ఈ భావనకు గణిత రూపం ఇచ్చినవారు బి. లీ, ఫ్రెడరిక్ రిచర్డ్స్. 1971లో వెలువడిన వారి పత్రం రైబోన్యూక్లియేజ్-ఎస్, లైసోజైమ్, మయోగ్లోబిన్ అనే మూడు ప్రోటీన్లను పరిశీలించింది. వారి ఊహ సరళమైనది. ప్రోటీన్‌లోని ప్రతి పరమాణువును ఒక గట్టి గోళంగా భావించాలి. నీటి అణువును 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసార్ధం గల మరొక గోళంగా భావించాలి. (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లవ వంతు.) ఆ నీటి గోళాన్ని ప్రోటీన్ ఒంటిమీద దొర్లిస్తే దాని కేంద్రం గీసే పొరే ద్రావణికి అందుబాటులో ఉన్న ఉపరితలం. లోపల ఇరుక్కున్న పరమాణువుల దగ్గరికి గోళం చేరలేదు గనుక వాటి వాటా సున్నా.

పొరను గీసేది నీటి గోళం కేంద్రమే గాని, అది ప్రోటీన్‌ను తాకే బిందువు కాదు. ఈ ఒక్క మాటను విస్మరించడం వల్ల వచ్చే తేడా చిన్నది కాదు. ఒంటరి కార్బన్ పరమాణువు వ్యాసార్ధాన్ని 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లుగా తీసుకుంటే దాని సొంత గోళపు వైశాల్యం సుమారు 36 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. దానికి 1.4 కలిపి 3.1 వ్యాసార్ధంతో లెక్కిస్తే సుమారు 121. ఒకే పరమాణువుకు రెండు అంకెలు, మూడింతలకు మించిన తేడా. రెండూ సరైనవే, కాకుంటే రెండూ ఒకే ఉపరితలానికి చెందినవి కావు. ఆ కార్బన్ పక్కన 1.54 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో అటువంటి మరో కార్బన్‌ను నిలిపితే మొదటిదాని అందుబాటు 121 నుండి సుమారు 75కు తగ్గుతుంది. మొదటి కార్బన్‌లో ఏ మార్పూ లేదు, పక్కన ఒకటి వచ్చి నిలిచిందంతే. ప్రోటీన్‌లో జరిగేదంతా ఈ లెక్కకు విస్తరణే.

లీ, రిచర్డ్స్ ప్రోటీన్‌ను పలుచని పొరలుగా కోసి ప్రతి పొరలోని చాపాల పొడవులను కూడారు. 1973లో ష్రేక్, రప్లీ మరొక మార్గం చూపారు. ప్రతి పరమాణువు చుట్టూ పెంచిన గోళం మీద 92 బిందువులను సమంగా చల్లి, వాటిలో పొరుగు గోళాలలో మునగని బిందువులు ఎన్నో లెక్కపెట్టారు. నేటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ బిందువుల పద్ధతి లేదా దాని రూపాంతరమే ఆధారం. పైన చెప్పిన కార్బన్‌పై 92 బిందువులు చల్లితే ఒక్కో బిందువు వాటా సుమారు 1.3 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక బిందువు మునిగిందా తేలిందా అన్న నిర్ణయంతోనే అంకె అంత మేర కదులుతుంది. అందుచేత తక్కువ సాంద్రతతో లెక్కించి మూడు దశాంశ స్థానాల వరకు పట్టికలో వ్రాయడం కొలతకు లేని సూక్ష్మతను దానికి అంటగట్టడమే అవుతుంది. బిందువుల సంఖ్యను 960కి పెంచితే ఒక్కో బిందువు వాటా 0.13కు దిగుతుంది. నేటి కంప్యూటర్లకు అది భారం కాదు.

ఈ కొలత ఎందుకు ఇంతగా వాడుకలోకి వచ్చిందన్నదానికి జవాబు సైరస్ చోథియా పరిశీలనలలో ఉంది. నూనె స్వభావం గల జలవిరోధి భాగాలు నీటినుండి తప్పుకోవడం వల్ల కలిగే శక్తి లాభం, దాగిన వైశాల్యానికి అనుపాతంలో ఉంటుందని, చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు మోల్ ఒక్కింటికి సుమారు 25 కేలరీలని 1970ల మధ్యలో ఆయన అంచనా వేశారు. ప్రోటీన్ గొలుసు ఎందుకు ముడుచుకుంటుంది, రెండు ప్రోటీన్లు ఎందుకు అతుక్కుంటాయి అనే ప్రశ్నలకు ఆ విధంగా వైశాల్యం ద్వారా ఒక దారి ఏర్పడింది.

4. సాఫ్ట్‌వేర్ అడగని ప్రశ్నలు

దృశ్యీకరణ సాఫ్ట్‌వేర్ వాడుకరిని ఏమీ అడగదు. ముందే నిర్ణయించిన విలువలతో జవాబు చెప్పేస్తుంది. పైమాల్‌లో 'గెట్ ఏరియా' అనే ఆదేశం ఉంది. దాని ఫలితాన్ని శాసించే అమరిక 'డాట్ సాల్వెంట్'. ఇది మామూలుగా ఆపివేసి ఉంటుంది. ఆ స్థితిలో వచ్చేది నీటి గోళం కలపని, పరమాణువుల సొంత గోళాల బయటి వైశాల్యం. దానిని ఆన్ చేసినప్పుడే అందుబాటు వైశాల్యం వస్తుంది. ఒంటరి కార్బన్‌కు 36, 121 అని పైన చూసిన తేడా ఇక్కడ ఒక మీటలో దాగి ఉంది. 'డాట్ డెన్సిటీ' అనే అమరిక బిందువుల సాంద్రతను నిర్ణయిస్తుంది.

తెరమీది బొమ్మ ఈ గందరగోళాన్ని మరింత పెంచుతుంది. పైమాల్‌లో 'సర్ఫేస్' చూపమంటే నునుపుగా కనిపించేది మూడవ రకం ఉపరితలం. దొర్లే గోళం లోపలి అంచు ప్రోటీన్‌ను తాకుతూ గీసే పొర అది. రిచర్డ్స్ 1977లో నిర్వచించిన దానికి మైకేల్ కానొలీ 1983లో లెక్కించే విధానం ఇచ్చారు. అంటే వ్యాసంలో ముద్రించిన బొమ్మ ఒక ఉపరితలానిది, దాని కింద వ్రాసిన అంకె మరొకదానిది కావచ్చు. చాలా పత్రాలలో వాస్తవంగా జరుగుతున్నది ఇదే.

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న 'వీఎండీ'లో పొరపాటు మరొక చోట పొంచి ఉంటుంది. అందులో 'మెజర్ సాసా' ఆదేశానికి ఒక శేషాన్ని మాత్రమే అందిస్తే, మిగతా ప్రోటీన్ లేనట్టే భావించి ఆ శేషాన్ని శూన్యంలో నిలిపి కొలుస్తుంది. లోపల పూర్తిగా పూడుకుపోయిన శేషం కూడా అప్పుడు విచ్చుకున్నదానిలా కనిపిస్తుంది. మొత్తం ప్రోటీన్‌ను ఇచ్చి, 'రెస్ట్రిక్ట్' అనే ఎంపిక ద్వారా కావలసిన శేషాన్ని సూచించాలి. అప్పుడు కొలత అందరి నడుమ జరుగుతుంది, లెక్కకు వచ్చేది మాత్రం ఆ శేషం వాటా. కైమెరాఎక్స్‌లో చుట్టూ ఉండవలసినవారిని ముందు చెప్పి, ఎవరి వాటా కూడాలో 'సమ్' అనే మాటతో వేరుగా చెప్పే ఏర్పాటు ఉంది. పొరుగు ఎవరు, కొలిచేది ఎవరిని అనే రెండు ప్రశ్నలను విడదీసిన ఈ పద్ధతి బోధనకు అన్నిటికంటే అనుకూలం.

అమరికలు సరిగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన తనిఖీ ఉంది. మిల్లర్, జానిన్, లెస్క్, చోథియా 1987లో ఏకగొలుసు ప్రోటీన్లకు ఒక సూత్రం ఇచ్చారు. ప్రోటీన్ అణుభారాన్ని 0.73 ఘాతానికి హెచ్చించి 6.3తో గుణిస్తే ముడుచుకున్న ప్రోటీన్ మొత్తం అందుబాటు వైశాల్యం సుమారుగా వస్తుంది. కోడిగుడ్డు లైసోజైమ్ అణుభారం సుమారు 14,300. సూత్రం ప్రకారం దాని వైశాల్యం 6,800 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఉండాలి. అదే గొలుసు పూర్తిగా చాపి ఉంటే, వారే ఇచ్చిన మరో సూత్రం ప్రకారం, సుమారు 21,000. ముడుచుకోవడంలో మూడింట రెండు వంతుల వైశాల్యం నీటికి కనబడకుండా పోతున్నదన్నమాట. తెరమీద వచ్చిన మొత్తం ఈ అంచనాకు బహుదూరంగా ఉంటే శేషాల పట్టిక వేయడానికి ముందే ఆగి అమరికలను చూడాలి.

హైడ్రోజన్ల సంగతీ ఉంది. ఎక్స్-రే స్ఫటిక నిర్మాణాలలో సాధారణంగా హైడ్రోజన్లు కనిపించవు. అందుకే పాత వ్యాసార్ధాల పట్టికలు హైడ్రోజన్‌ను కార్బన్‌లోనే కలుపుకొని దాని గోళాన్ని కాస్త పెంచి చూపాయి. అటువంటి పట్టికను వాడుతూ హైడ్రోజన్లను కూడా చేర్చడం ఒకే వస్తువును రెండుసార్లు లెక్కించడమవుతుంది.

5. శాతంగా మార్చేటప్పుడు

గ్లైసిన్ చిన్నది, ట్రిప్టొఫాన్ పెద్దది. రెంటికీ 50 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చాయంటే అర్థం ఒకటి కాదు. కనుక ప్రతి శేషం వైశాల్యాన్ని ఆ జాతి శేషానికి సాధ్యమైన గరిష్ఠ వైశాల్యంతో భాగించి సాపేక్ష విలువగా చెబుతారు. ఒక పరిమితికి తక్కువైతే 'పూడిన శేషం', ఎక్కువైతే 'బయల్పడిన శేషం'. గరిష్ఠ విలువకు సాధారణంగా రెండు గ్లైసిన్ల మధ్య ఆ శేషాన్ని నిలిపిన మూడు శేషాల చిన్న గొలుసును ఆధారం చేసుకుంటారు.

అయితే గరిష్ఠ విలువల పట్టికలు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి. ల్యూసిన్‌కు 1987 నాటి మిల్లర్ బృందం పట్టికలో 180, 1994 నాటి రాస్ట్, సాండర్ పట్టికలో 164, 2013 నాటి టీన్ బృందం సైద్ధాంతిక పట్టికలో 201. ఒక ప్రోటీన్‌లో ఒక ల్యూసిన్‌కు 40 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చాయని అనుకుందాం. మొదటి పట్టిక ప్రకారం అది 22.2 శాతం, రెండవదాని ప్రకారం 24.4, మూడవదాని ప్రకారం 19.9. పరిమితిని 20 శాతంగా పెట్టుకున్న పరిశోధకుడికి ఆ ల్యూసిన్ రెండు పట్టికలలో బయల్పడినది, ఒకదానిలో పూడినది. పాత పట్టికలతో కొన్ని శేషాలకు నూరు శాతానికి మించిన విలువలు రావడమే టీన్ బృందం కొత్త లెక్కకు పూనుకోవడానికి ఒక కారణం. కనుక 'సాపేక్ష అందుబాటు 20 శాతం కంటే తక్కువ' అని మాత్రమే వ్రాసి పట్టిక పేరు చెప్పని వాక్యాన్ని మరో పరిశోధకుడు సరిచూడలేడు.

6. ఒక టీకా ప్రోటీన్: ఒంటరిగా, గుంపులో

పై నిర్ణయాలు లెక్కల సూక్ష్మతలుగా మాత్రమే కనిపించవచ్చు. వాటి బరువు తెలియాలంటే హైదరాబాద్‌కే చెందిన ఒక ఉదాహరణ చూడాలి. 1953లో ఈ నగరంలో స్థాపితమైన బయోలాజికల్-ఇ సంస్థ తయారుచేసిన కార్బెవాక్స్ టీకాకు 2021 డిసెంబరు 28న అత్యవసర వినియోగ అనుమతి లభించింది. అందులోని ప్రోటీన్ కరోనా వైరస్ స్పైక్‌లోని ఆర్‌బీడీ అనే భాగం. మన కణాలపై ఉండే ఏస్-2 అనే గ్రాహకానికి అతుక్కొనేది ఈ భాగమే. దీని వెనుక ఉన్న సాంకేతికత అమెరికాలోని టెక్సాస్ చిల్డ్రన్స్ ఆసుపత్రి, బేలర్ వైద్య కళాశాల పరిశోధకులది. ప్రోటీన్‌ను ఈస్ట్ కణాలలో ఉత్పత్తి చేస్తారు.

వైరస్ మీద ఆర్‌బీడీ ఒంటరిగా ఉండదు. మూడు గొలుసులు పెనవేసుకున్న స్పైక్‌లో ఒక భాగంగా ఉంటుంది. టీకాలో మాత్రం దానిని కత్తిరించి విడిగా తయారుచేస్తారు. కత్తిరించగానే అంతవరకు పొరుగువారి చాటున ఉన్న శేషాలు బయటపడతాయి. రెండు కార్బన్లలో ఒకదానిని తీసివేస్తే రెండవదాని అందుబాటు పెరిగినట్టే ఇదీ.

టెక్సాస్ బృందం మొదట పరిశీలించిన రూపాలలో ఒకటి స్పైక్‌లోని 331 నుండి 549 వరకు ఉన్న శేషాలతో కూడినది. అందులో తొమ్మిది సిస్టీన్లున్నాయి. సిస్టీన్లు జంటలుగా డైసల్ఫైడ్ బంధాలు ఏర్పరచుకుంటాయి. 336తో 361, 379తో 432, 391తో 525, 480తో 488 జతపడగా 538వ సిస్టీన్ మిగిలిపోతుంది. పూర్తి స్పైక్‌లో దానికి జత ఉంది, 590వ సిస్టీన్. గొలుసును 549 దగ్గర కోసినప్పుడు ఆ జత పోయింది. జతలేని సిస్టీన్ ద్రావణంలో మరో అణువులోని అటువంటి సిస్టీన్‌తో బంధం కలుపుకోగలదు. ప్రోటీన్ గడ్డకట్టడానికి అది దారి. అందుచేత ఆ బృందం ఒక రూపంలో 538వ స్థానంలో సిస్టీన్‌కు బదులు అలనిన్ పెట్టింది. 331వ ఆస్పరజిన్‌పై ఈస్ట్ అతిగా చక్కెర గొలుసులు తగిలించకుండా ఆ శేషాన్ని తొలగించింది. 2021లో ఈ వివరాలు ప్రచురితమయ్యాయి.

ఇదే శేషాన్ని ఒక పరిశోధక విద్యార్థి సాఫ్ట్‌వేర్‌లో కొలవదలచాడనుకుందాం. అందరికీ తెలిసిన ఆర్‌బీడీ, ఏస్-2 సంయుక్త నిర్మాణం ప్రోటీన్ డేటా బ్యాంకులో '6ఎం0జె' పేరుతో ఉంది. అందులో ఆర్‌బీడీ శేషాలు 333 నుండి 526 వరకే కనిపిస్తాయి. 538 అక్కడ లేనే లేదు. ఆ ఫైలును తెరిచి కొలిస్తే గొలుసు చివరన ఉన్న శేషాలు లేని వాటి స్థానం ఖాళీగా ఉన్నందువల్ల అధికంగా బయల్పడినట్టు కనిపిస్తాయి. 538ని కొలవడానికి పూర్తి స్పైక్ నిర్మాణం కావాలి. మూడు ఆర్‌బీడీలూ కిందికి ముడుచుకున్న '6వీఎక్స్ఎక్స్' అటువంటిది. దానిలో మూడు గొలుసులనూ ఉంచి ఒకసారి, ఒక గొలుసును మాత్రమే ఉంచి ఒకసారి, 549 తరువాతి భాగాన్ని తొలగించి మరోసారి కొలిస్తే, ఒకే శేషానికి మూడు ప్రశ్నల జవాబులు వస్తాయి. వాటిలో టీకా తయారీదారుకు కావలసింది మూడవది, వైరస్‌ను అధ్యయనం చేసేవారికి కావలసింది మొదటిది. మధ్యదానికి ప్రకృతిలో ప్రతిరూపం లేదు. చిత్రంగా పరిశోధన పత్రాలలో తరచుగా ఎదురయ్యేది ఆ మధ్యదే. ఫైలులోని 'ఏ' గొలుసును ఎంచుకొని కొలవడం అలవాటుగా మారడమే ఇందుకు కారణం.

రెండు ప్రోటీన్లు అతుక్కున్న చోట దాగిన వైశాల్యాన్ని తెలుసుకోవడానికి ఈ తేడానే సాధనంగా వాడుకుంటారు. ఒక్కొక్క ప్రోటీన్‌ను విడిగా కొలిచి కూడి, అందులోనుండి జంట వైశాల్యాన్ని తీసివేస్తే దాగిన మొత్తం తేలుతుంది. 6ఎం0జె నిర్మాణాన్ని ప్రకటించిన 2020 నాటి పత్రం ఆర్‌బీడీ వైపు 864, ఏస్-2 వైపు 823, మొత్తం 1,687 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు దాగినట్టు తెలిపింది. కొందరు రచయితలు ఈ మొత్తంలో సగాన్ని మాత్రమే 'అతుకు వైశాల్యం'గా వ్రాస్తారు. రెండు వ్యాసాల అంకెలను పోల్చే ముందు ఎవరు మొత్తం చెబుతున్నారు, ఎవరు సగం చెబుతున్నారు అన్నది చూడక తప్పదు.

గుంపులో ఉన్నప్పుడు కూడా అందుబాటు స్థిరం కాదు. '6వీఎస్‌బీ' నిర్మాణంలో మూడు ఆర్‌బీడీలలో ఒకటి పైకి లేచి ఉంటుంది. లేచినదాని శేషాలకూ, ముడుచుకున్నదాని అవే శేషాలకూ అంకెలు వేరు. సీఆర్3022 అనే ప్రతిరక్షకం అతుక్కొనే చోటు మరింత గుప్తమైనది. కనీసం రెండు ఆర్‌బీడీలు పైకి లేచి కొంత తిరిగినప్పుడే ఆ ప్రతిరక్షకానికి ఆ చోటు అందుతుందని 2020లో తేలింది. విడిగా తయారుచేసిన ఆర్‌బీడీలో అదే చోటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఒకే శేషాల సమూహాన్ని ఒక ఫైలులో కొలిచినవారు 'పూడినది' అని, మరొక ఫైలులో కొలిచినవారు 'బయల్పడినది' అని వ్రాస్తే ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పినట్టు కాదు, తమ ఫైలు పేరును, దాని స్థితిని చెప్పి ఉంటే.

చివరిగా చక్కెర గొలుసుల సంగతి. స్పైక్‌లోని ప్రతి గొలుసుపై ఆస్పరజిన్‌లకు తగులుకొని 22 చోట్ల గ్లైకాన్లు ఉండగలవు. ఆర్‌బీడీ భాగంలో ఆ స్థానాలు 331, 343. నిర్మాణ ఫైళ్లలో ఇవి అమైనో ఆమ్లాల వరుసలో కాక 'హెట్‌ఆటమ్' అనే వేరే వరుసలలో నమోదవుతాయి. 'ప్రోటీన్' అని ఎంచుకోగానే అవి జారిపోతాయి. ఉపరితలం గీసేటప్పుడు పైమాల్ కూడా మామూలుగా వాటిని పక్కన పెడుతుంది. పైగా ప్రయోగంలో స్పష్టంగా కనిపించేది ఆ గొలుసు మొదటి ఒకటి రెండు చక్కెరలే గనుక, ఫైలులో ఉన్నవాటిని చేర్చి కొలిచినా అది తక్కువ అంచనానే. గొడుగు కిందున్న మనిషిని గొడుగు తీసేసి కొలిచి 'వానకు పూర్తిగా తడుస్తున్నాడు' అన్నట్టు అవుతుంది.

ఆ గొడుగు నీటిని ఆపినట్టే ప్రతిరక్షకాన్నీ ఆపుతుందని భావించరాదు. 1.4 ఆంగ్‌స్ట్రామ్‌ల నీటి గోళం గ్లైకాన్ల సందులలో సులువుగా దూరుతుంది. ప్రతిరక్షకం అంతకు ఎన్నో రెట్లు పెద్దది. అందుకే 2020లో శాన్ డియాగోలోని రోమీ అమారో బృందం పూర్తి గ్లైకాన్లతో కూడిన స్పైక్ కదలికలను అనుకరించి, గోళం వ్యాసార్ధాన్ని 1.4 నుండి 15 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు పెంచుతూ అందుబాటును లెక్కించింది. చిన్న గోళానికి దొరికిన చోట్లు పెద్ద గోళానికి దొరకలేదు. ఒక శేషం టీకా ప్రతిస్పందనకు లక్ష్యమవుతుందా అని అడిగేవారు 'ప్రోబ్ రేడియస్' అనే గడిలో 1.4ను అలాగే వదిలి కొలిస్తే, వారికి వచ్చేది నీటి గురించిన జవాబు. ఆ గడిలోని విలువను మార్చడానికి సాఫ్ట్‌వేర్‌లో అడ్డేమీ లేదు. మార్చినప్పుడు మాత్రం ఆ ఉపరితలాన్ని ద్రావణికి అందుబాటు అనకుండా, ఎంత పెద్ద అణువుకు అందుబాటో ఆ వ్యాసార్ధంతో సహా పట్టిక శీర్షికలోనే వ్రాయవలసి ఉంటుంది.